యంత్రం తప్పు చేస్తే దిద్దే అధికారం ఊళ్లోనే ఉండాలి

పొలంలో వేసింది వేరుశనగ. ఈ-పంటలో పడింది కంది. లేదా పంట సరిగ్గానే పడింది, సర్వే నంబరు పక్క రైతుది. లేదా పంటా సరే, నంబరూ సరే, వేలిముద్ర పడక ఈకేవైసీ ఆగిపోయింది. ఓబులదేవరచెరువు మండలంలోనే కాదు, అమడగూరు, నల్లమాడ మొదలుకొని ధర్మవరం, పెనుకొండ, హిందూపురం దాకా ఏ ఊళ్లో రైతును కదిపినా ఇలాంటి మాట ఒకటి వినబడుతుంది. తప్పు చిన్నదే. ఒక అంకె, ఒక పేరు, ఒక మీట. కానీ పంట బీమాకైనా, పెట్టుబడి రాయితీకైనా, మద్దతు ధరకు అమ్ముకోవడానికైనా ఆ నమోదే ఆధారం. చిన్న తప్పు దిద్దుకోలేక ఏడాది కష్టం పోగొట్టుకున్న రైతు ఎక్కడికి పోవాలి?

రైతు సేవా కేంద్రానికి పోతే, 'మా లాగిన్‌లో ఆ అవకాశం లేదు' అంటారు. మండలానికి పోతే, 'గడువు అయిపోయింది' అంటారు. జిల్లాకు పోతే, 'పైనుంచి సర్వరు తెరవాలి' అంటారు. సర్పంచిని అడిగితే, 'నాకేం తెలుసు, నా చేతిలో ఏముంది' అంటాడు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. మన ఊరి పాలనలోకి కొత్త పరిజ్ఞానం వచ్చిన తీరులోని అసలు లోపం ఇదే. ఈ నెల మన మాట దాని గురించే.

కొత్తదానికి మనం వ్యతిరేకులం కాదు

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. మన సంఘం యంత్రానికీ, ఫోనుకూ వ్యతిరేకం కాదు. ఒక అడంగల్ నకలు కోసం, ఒక ధ్రువపత్రం కోసం కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీ పెట్టుకొని, సారు వచ్చేదాకా చెట్టుకింద కూర్చున్న రోజులు మనం మరిచిపోలేదు. ఆ తిప్పలు తగ్గితే మొదట సంతోషించేది రైతూ, కూలీ.

గత కొన్నేళ్లలో వచ్చిన మార్పులు చూడండి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి, వాటినే ఇప్పుడు రైతు సేవా కేంద్రాలు అంటున్నాం. అదే ఏడాది ఏప్రిల్ 24న కేంద్రం పంచాయతీల పద్దులకు ఈ-గ్రామ్ స్వరాజ్ తెచ్చింది. డిసెంబరు 21న రాష్ట్రంలో డ్రోన్లతో, రోవర్లతో భూముల రీసర్వే మొదలైంది. 2023 జూన్‌లో పీఎం కిసాన్‌కు ముఖం చూపించి ఈకేవైసీ చేసుకునే యాప్ వచ్చింది. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. అదే ఏడాది ఆగస్టు 14న కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 'సభాసార్' అనే ఏఐ పరికరాన్ని విడుదల చేసింది. గ్రామసభలో మాట్లాడిన మాటల రికార్డింగు ఇస్తే చాలు, అది మినిట్స్ రాసి పెడుతుంది. తెలుగులో కూడా పనిచేస్తుంది.

ఆరేళ్లలో ఇన్ని వచ్చాయి. ఇంకా వస్తాయి. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రూ.2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. ప్రతి రైతుకూ ఒక గుర్తింపు సంఖ్య, ప్రతి పంటకూ డిజిటల్ సర్వే దాని లక్ష్యం. అంటే రేపు మన భూమి, మన పంట, మన అప్పు, మన రాయితీ అన్నీ ఒకే సంఖ్య కిందికి వస్తాయి. ఆ సంఖ్య వెనక ఒక తప్పు దూరితే అన్నిచోట్లకూ ఆ తప్పే పాకుతుంది. అందుకే దిద్దే దారి ముందుగా కావాలంటున్నాం.

నాయకులు ఎలా సిద్ధమవుతున్నారు?

రాష్ట్ర స్థాయిలో సన్నాహాలకు కొదవ లేదు. 2024 అక్టోబరులో అమరావతిలో డ్రోన్ సదస్సు జరిగింది. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా కేంద్రం ఒప్పందం కుదిరింది. 2025 జనవరిలో ప్రభుత్వం గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగులను జనాభా లెక్కన సర్దుబాటు చేయాలని నిర్ణయించింది. అన్ని పనులూ చూసేవారు, సాంకేతిక పనులు చూసేవారు అని విడదీసి, డ్రోన్లు, ఏఐ వంటి కొత్త పరిజ్ఞానాన్ని ఊళ్లోకి తెచ్చేందుకు మరో తరహా సిబ్బందిని కూడా ఆ ప్రణాళికలో చేర్చింది.

మంచిదే. కానీ ఈ సన్నాహమంతా పైనుంచి కిందికి దిగుతోంది. యాప్ పైన తయారవుతుంది. శిక్షణ అంటే ఏ మీట ఎక్కడ నొక్కాలో చెప్పడం. లక్ష్యం అంటే సాయంత్రానికి ఎన్ని నమోదులు అయ్యాయన్న లెక్క. ఊరి ఉద్యోగి పొద్దునంతా నమోదు చేసేవాడు, సాయంత్రం పైవాళ్లకు జవాబు చెప్పేవాడు. సర్పంచి, వార్డు సభ్యులు పక్కన నిలబడి చూసేవాళ్లు. సచివాలయం ఒక దిక్కు, పంచాయతీ ఒక దిక్కు అయిపోయాయని సర్పంచులు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు.

రాజ్యాంగం చెప్పింది ఇది కాదు. 73వ సవరణతో చేర్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగినవిగా 29 అంశాలున్నాయి. వాటిలో మొదటిదే వ్యవసాయం. భూమి అభివృద్ధి, చిన్న నీటి వనరులు, సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య కూడా ఉన్నాయి. అంటే కొత్త పరిజ్ఞానం పొలంలోకీ, పనిలోకీ వచ్చినప్పుడు దాన్ని ఎలా వాడుకోవాలో ఆలోచించాల్సింది ఊరి సభే. పంచాయతీ చేతికి మీట ఇచ్చి, నిర్ణయం ఇవ్వకపోతే అది సిద్ధం కావడం అనిపించుకోదు.

సభాసార్ సంగతే తీసుకోండి. గ్రామసభ తీర్మానాల పుస్తకం సభ జరగకముందే నిండిపోవడం, సంతకాలు ఇళ్ల దగ్గర పెట్టించుకోవడం మనకు తెలియంది కాదు. మాట్లాడిన మాట మాట్లాడినట్టు నమోదైతే అది మేలే. కానీ సభకు పదిమందే వస్తే, ఆ పదిమందీ నోరు విప్పకపోతే, ఏ యంత్రమూ ఏమీ రాయలేదు. మన రాయలసీమ యాస, పొలాల పేర్లు, వంకల పేర్లు అది సరిగ్గా పట్టుకుందా లేదా చూడాల్సింది కూడా మనమే. కాబట్టి అది రాసిన మినిట్స్‌ను సభ ముగిసేలోపు గట్టిగా చదివి వినిపించి, తప్పులు దిద్దిన తర్వాతే సంతకాలు పెట్టాలి. ఏ పంచాయతీ అయినా పైసా ఖర్చు లేకుండా ఈ నియమం పెట్టుకోవచ్చు.

కరువు పని నేర్పిన పాఠం

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. కరువు పని అని మనం పిలుచుకునే ఆ పనికి సామాజిక తనిఖీని దేశంలో గట్టిగా అమలు చేసి చూపిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. జనం ముందు మస్టరు చదివి, 'ఈ పేరుగల మనిషి పనికి వచ్చిందా లేదా' అని అడిగే పద్ధతి అది. లోపాలున్నా, దొంగ మస్టర్లు బయటపడింది ఆ పద్ధతితోనే.

తర్వాత యాప్ వచ్చింది. 2023 జనవరి 1 నుంచి కూలీల హాజరు రోజుకు రెండుసార్లు ఫొటో తీసి, స్థలం గుర్తుతో సహా ఎక్కించడం తప్పనిసరి చేశారు. 2024 జనవరి 1 నుంచి కూలి చెల్లింపు ఆధార్ ఆధారంగానే అన్నారు. దొంగ హాజరు ఆగుతుందని చెప్పారు. ఏం జరిగింది? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ తానే రాష్ట్రాలకు లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారని, పాత ఫొటోను ఫోనుతో మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారని, ఒకే కూలీ పలు మస్టర్లలో కనిపిస్తున్నారని అందులో చెప్పింది. పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనిషి కళ్లతో పరిశీలించాలని ఆదేశించింది.

అంటే మోసం చేసేవాడు యాప్‌లోనూ దారి వెతుక్కున్నాడు. సిగ్నలు లేని గుట్టలో నిజంగా మన్ను తవ్విన కూలీ హాజరు మాత్రం పోగొట్టుకుంది. చివరికి మళ్లీ మనిషి కన్నే కావాల్సి వచ్చింది. ఆ పని కూడా అదే పంచాయతీ సిబ్బంది నెత్తిన పడింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో వీబీ-జీ రామ్ జీ చట్టాన్ని ఆమోదించింది. 125 రోజుల పని అంటోంది. ఖర్చులో 40 శాతం మన వంటి రాష్ట్రాలు భరించాలంటోంది. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ చెప్పుకోవాల్సింది ఒకటి. వేలిముద్ర, ముఖ గుర్తింపు వంటి బయోమెట్రిక్ పద్ధతులనూ, మోసాలు పట్టే ఏఐనీ ఆ చట్టమే వ్యవస్థలో భాగం చేసింది. ఏఐ ఒక కూలీని అనుమానితురాలిగా గుర్తిస్తే ఆమె కూలి ఆగుతుందా? ఎన్ని రోజులు ఆగుతుంది? 'ఈమె మా ఊరి మనిషి, మాతో పనిచేసింది' అని గ్రామసభ చెబితే ఆ మాట చెల్లుతుందా? నిబంధనల్లో ఈ ప్రశ్నలకు జవాబు ఉండాలి. మన ప్రజాప్రతినిధులు ఇప్పుడే అడగాలి.

తప్పు పైన జరిగితే బాధ కింద పడుతుంది

ఇది ఊరికే భయపడి చెబుతున్న మాట కాదు. పక్కనున్న తెలంగాణలో జరిగింది చూడండి. అక్కడ ప్రభుత్వం వేర్వేరు శాఖల సమాచారాన్ని కలిపి 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ తయారు చేసింది. ఎవరికి కారు ఉంది, ఎవరికి ఆస్తి ఉందని యంత్రమే పేర్లు సరిపోల్చి అనర్హులను తేల్చేది. రేషను కార్డుల ఏరివేతలో దాన్ని వాడారు. పేర్లు కలిసినందుకు కారు లేనివాళ్లు కారు యజమానులయ్యారు. 2014, 2019 మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. చాలామందికి నోటీసు కూడా అందలేదు. చివరకు 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రద్దయిన కార్డులను ఇంటికి వెళ్లి మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. పరిశీలిస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. అన్నాళ్లూ వాళ్లు పోగొట్టుకున్న బియ్యం ఎవరు తిరిగిస్తారు?

ధనిక దేశాలు కూడా దీనికి అతీతం కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణకు ఇచ్చే సాయంలో మోసం చేశారంటూ వేల కుటుంబాలను పన్నుల శాఖ తప్పుగా అనుమానించింది. ఎవరిని అనుమానించాలో చెప్పడానికి వాడిన కంప్యూటరు లెక్క కూడా ఆ అన్యాయంలో ఒక భాగం. కుటుంబాలు అప్పుల పాలయ్యాయి. 2021 జనవరిలో ఆ దేశ మంత్రివర్గమే రాజీనామా చేయాల్సి వచ్చింది.

మన భూముల సంగతీ అంతే. డ్రోను ఎగిరింది, రోవరు కొలిచింది, కొత్త నంబరు వచ్చింది. విస్తీర్ణం తగ్గిందనీ, హద్దు జరిగిందనీ ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2024 డిసెంబరు నుంచి ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకోవాల్సి వచ్చింది. కొలిచే యంత్రం చెడ్డదని కాదు. కొలిచేటప్పుడు హద్దు తెలిసిన రైతు గట్టుమీద లేకపోతే, ఉన్నా అతని మాట రాసుకోకపోతే, ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పునే కచ్చితంగా కొలుస్తుంది.

కౌలు రైతు పరిస్థితి ఇంకా దారుణం. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం కావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టడానికి యజమాని భయపడతాడు. పత్రం లేని కౌలు రైతు పేరు యంత్రానికి కనబడదు. ఆ భూమిని ఎవరు దున్నుతున్నారో ఊరందరికీ తెలుసు, తెరకు మాత్రం తెలియదు. తెర మీద లేనివాడు రైతే కాడన్న పరిస్థితి వస్తే, రేపు ఎన్ని కొత్త పథకాలొచ్చినా అవి కౌలు రైతు గడప తొక్కవు.

పని మారినప్పుడు మనిషి ఏమవుతాడు?

నమోదు ఒక ఎత్తు, పని మరో ఎత్తు. యంత్రం వచ్చినప్పుడు చేతిపని ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర లేదు. ధర్మవరం ఉంది. చీర, ధోవతి వంటి రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. మొదట 22 రకాలు ఉండేవి, తర్వాత 11కు తగ్గాయి. ఉన్నవాటిని కూడా కాపాడే నాథుడు లేక, మరమగ్గం చీర చేనేత పేరుతో అమ్ముడుపోయింది. మగ్గం గుంటలో కూర్చునే నేతకార్మికుడు అప్పులో కూరుకుపోయాడు. మరమగ్గం రావడం ఎవరూ ఆపలేరు. కానీ వచ్చే ముందు ఆ మగ్గాలను నమ్ముకున్న కుటుంబాలను లెక్కవేసి, ఏం చేయాలో ఆలోచించిన స్థానిక సంస్థ ఉంటే కథ కొంతైనా వేరుగా ఉండేది.

ఇప్పుడు అదే మన పొలంలోకి వస్తోంది. వేరుశనగ కాయ ఒలిచే పని ఒకప్పుడు ఇంటింటా ఆడవాళ్లకు కూలి ఇచ్చేది. ఒలిచే యంత్రం వచ్చింది. కట్టె నుంచి కాయ వేరుచేసే యంత్రమూ వచ్చింది. మందు కొట్టడానికి డ్రోను వస్తోంది. కేంద్రం 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని పెట్టుకుంది. ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు సాయం. వీపున ట్యాంకు మోసుకొని మందు పీల్చే కూలీకి ఆ బాధ తప్పడం మంచిదే. కానీ ఆ కూలి పోయినవాడికి ఏం పని? యంత్రాన్ని పైనుంచి వచ్చిన కాంట్రాక్టరు నడిపితే డబ్బు ఊరు దాటి పోతుంది. అదే యంత్రం కూలీల సంఘం చేతిలోనో, మహిళా సంఘం చేతిలోనో ఉంటే కూలి రూపం మారుతుంది, ఊళ్లోనే ఉంటుంది. ఈ తేడాను నిర్ణయించగలిగేది పంచాయతీ.

ఇంకో విషయం మన ప్రాంతానికే ప్రత్యేకం. హిందూపురం మొదలు మన మండలాల దాకా మల్బరీ తోటలున్నాయి. పట్టుపురుగుకు పురుగుమందు గాలి తగిలినా చావే. పక్క చేలో కందికి డ్రోనుతో మందు కొడితే, ఆ తుంపర గాలికి కొట్టుకొచ్చి మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు మేసిన పురుగు బతకదు. డ్రోను వాడకానికి కేంద్రం 2021 డిసెంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే ఏ సర్వే నంబరులో మల్బరీ ఉందో, ఏ షెడ్డులో పురుగు ఏ జ్వరంలో ఉందో ఢిల్లీకి తెలియదు. ఊరికే తెలుసు. ఏ రోజు ఎక్కడ మందు కొడతారో ముందురోజే దండోరా వేయించడం, మల్బరీ తోటలకు ఎంత ఎడం పాటించాలో పట్టు పరిశ్రమ శాఖతో మాట్లాడి తీర్మానం చేయడం పంచాయతీ చేయగలిగిన పని. చేయాల్సిన పని.

పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019 డిసెంబరులో ప్రారంభమైంది. అక్కడ కారు బాడీ అతికించేది రోబోలు. మన పిల్లలు ఆ దారినే బస్సులో పోతుంటారు. రోబో పక్కన నిలబడి దాన్ని నడిపే పని ఎంతమందికి వచ్చు? ఊడ్చే పనికీ, మోసే పనికీ మాత్రమే మన ఊరి పిల్లలు పనికొస్తారా? సాంకేతిక శిక్షణ పంచాయతీల అంశమని ఇంతకుముందే చెప్పుకున్నాం. ఐటీఐలో ఏ ట్రేడులు ఉండాలో, మండలం నుంచి ఎవరిని పంపాలో మండల పరిషత్తు సమావేశంలో ఒక్కసారైనా చర్చకు రావాలి.

ఊరి ఉద్యోగుల మాట కూడా మరవకూడదు. 2019 ఆగస్టులో వలంటీర్లు వచ్చారు. నెలకు 5,000 రూపాయలకు ఇంటింటా సమాచారం సేకరించారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ ఆగిపోయింది. పని చేసిన పిల్లలు రోడ్డున పడ్డారు. ఒక ప్రభుత్వం పెట్టింది, మరో ప్రభుత్వం తీసింది. మధ్యలో ఊరిని ఎవరూ అడగలేదు. ఇప్పుడు సచివాలయ ఉద్యోగుల పనులు మారుతున్నాయి. సగం రోజు సర్వేలకు, సగం రోజు యాప్‌లకు పోతుంటే రైతు కోసం పొలానికి వచ్చే సమయం ఏదని గ్రామ వ్యవసాయ సహాయకులే అడుగుతున్నారు. వాళ్లతో మనకు తగవు లేదు. వాళ్ల భారం తగ్గాలన్నది మన డిమాండు కూడా.

ఒక పంచాయతీ చేసి చూపింది

పంచాయతీ తలుచుకుంటే ఏం చేయగలదో కేరళలోని పుల్లంపార చూపింది. తిరువనంతపురం జిల్లాలోని ఆ పంచాయతీ నాయకులు ఉపాధి కూలీల ఇబ్బంది చూశారు. కూలి పడిందో లేదో తెలుసుకోవడానికే వాళ్లు పని మానుకొని బ్యాంకు ముందు వరుస కడుతున్నారు. ఫోనులో చూసుకోవడం నేర్పితే ఆ రోజు కూలి మిగులుతుంది కదా అనుకున్నారు. ఇంటింటా సర్వే చేసి ఫోను వాడకం రానివాళ్లను గుర్తించారు. విద్యార్థులు, మహిళా సంఘాల సభ్యులు గురువులయ్యారు. పని జరిగే చోటే, ఇళ్ల ముంగిళ్లలోనే పాఠాలు చెప్పారు. 3,000 మందికి పైగా నేర్చుకున్నారు. 2022 సెప్టెంబరులో దేశంలోనే మొదటి సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత పంచాయతీగా దాన్ని ప్రకటించారు. ఆ పద్ధతినే రాష్ట్రమంతా విస్తరించి, 2025 ఆగస్టులో కేరళ తనను తాను సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత రాష్ట్రంగా ప్రకటించుకుంది.

గమనించండి. వాళ్లు యాప్‌తో మొదలుపెట్టలేదు. కూలీ ఇబ్బందితో మొదలుపెట్టారు. మన ఊళ్లలో పది, ఇంటరు చదివిన పిల్లలు లేరా? పొదుపు సంఘాలు లేవా? కరువు పని జరిగే చోట మధ్యాహ్నం చెట్టుకింద అరగంట లేదా? లేనిదల్లా 'ఇది మన పని' అనే ఆలోచన.

మనం అడుగుతున్నది

2021లో ఎన్నికైన మన సర్పంచుల, వార్డు సభ్యుల ఐదేళ్ల పదవీకాలం 2026 ఏప్రిల్‌తో ముగుస్తుంది. ఎన్నికలు ఎప్పుడు జరిగినా ఓట్ల కోసం మన గడపకు వస్తారు. సీసీ రోడ్డు, వీధి దీపం అడగండి. వాటితో పాటు ఇవీ అడగండి.

మొదటిది, ప్రతి పంచాయతీలో తప్పుల రిజిస్టరు పెట్టాలి. ఈ-పంట, భూమి రికార్డు, కూలి, పింఛను, రేషను, ఏ రికార్డులో తప్పున్నా అందులో రాయాలి. రైతుకు తేదీతో రసీదు ఇవ్వాలి. దిద్దడానికి గడువు ఉండాలి. గడువు దాటినవాటిని గ్రామసభలో చదవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తన సమాచారంలోని తప్పును సరిచేయించుకునే హక్కును వ్యక్తికి ఇచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఆ హక్కు కాగితం మీద మిగలకుండా ఊళ్లో అమలయ్యే దారి ఇది.

రెండోది, యంత్రం పనిచేయనప్పుడు బదులు దారి ఉండాలి. వేలిముద్ర పడకపోయినా, సర్వరు మొరాయించినా, సిగ్నలు లేకపోయినా, సాక్షుల సంతకంతో కాగితం మీద నమోదు చెల్లాలి. యంత్రం లోపానికి మనిషి కూలి, మనిషి పంట పోకూడదు.

మూడోది, ఈ-పంట తుది జాబితాను గోడకు అంటించి ఊరుకోకుండా, రచ్చబండ దగ్గర సర్వే నంబర్ల వారీగా చదివి వినిపించాలి. కౌలు రైతుల పేర్లు కూడా అక్కడే, అందరి ఎదుట తేల్చాలి. ఆ సభ చేసిన దిద్దుబాటును పై అధికారులు కాదనాలంటే కారణం రాసి ఇవ్వాలి.

నాలుగోది, డ్రోను గానీ, మరో కొత్త యంత్రం గానీ ఊళ్లోకి వచ్చేముందు గ్రామసభలో చర్చ జరగాలి. ఎవరి పని పోతుంది, ఎవరి పంటకు ముప్పు, యంత్రం ఎవరి చేతిలో ఉంటుందన్న మూడు ప్రశ్నలకు జవాబు తేలాలి. అద్దె యంత్రాల కేంద్రాల్లో కూలీల, మహిళల సంఘాలకే మొదటి అవకాశం ఇవ్వాలి.

ఐదోది, శిక్షణ ఉద్యోగులతో ఆగకూడదు. సర్పంచులకు, వార్డు సభ్యులకు, రైతులకు, కూలీలకు ఇవ్వాలి. మీట నొక్కడం మాత్రమే కాదు, మన సమాచారం ఎక్కడికి పోతుంది, తప్పైతే ఎవరిని అడగాలి, ఓటీపీ ఎవరికి చెప్పకూడదు అన్నవీ నేర్పాలి.

అడగడంతో మన బాధ్యత తీరదు. సంఘం గ్రామ కమిటీలు ప్రతి ఊళ్లో చదువుకున్న ఇద్దరు యువకుల్ని, ఇద్దరు యువతుల్ని ఎంచుకోవాలి. ఈ-పంట నమోదు కాగానే సభ్యులందరి వివరాలూ సరిచూడాలి. నమోదు రసీదు తీసుకోని రైతు ఉండకూడదు. తప్పులుంటే అభ్యంతరాల గడువు లోపే రాతపూర్వకంగా అర్జీ పెట్టించాలి. నోటి మాటతో వదిలేయొద్దు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. సభ జరగడం వేరు, సభలో మన మాట నిలబడటం వేరు. వచ్చే గ్రామసభకు కుటుంబానికి ఒక్కరైనా పోదాం.

మన మండలం పేరులోనే చెరువుంది. చెరువు కింద సాగు చేసిన పెద్దలకు ఒక సంగతి తెలుసు. చెరువుకు నీళ్లు ఎక్కడో కురిసిన వాన వల్ల వస్తాయి. ఆ వాన మన చేతిలో లేదు. కానీ తూము మాత్రం ఊళ్లోనే ఉండేది. ఎవరి మడికి ఎంత, ఏ రోజు అన్నది నీరుగంటి చూసేవాడు. తేడా వస్తే పదిమందీ కట్టమీదే నిలదీసేవాళ్లు. కొత్త పరిజ్ఞానం కూడా ఎక్కడో పుట్టి మన ఊరికి వస్తోంది. రానివ్వండి. తూము మాత్రం ఊరి చేతిలో ఉండాలి. దాన్ని పైకి పట్టుకుపోతే, చెరువు నిండి ఉన్నా మన మడి ఎండిపోతుంది.